పంజరం ఎందుకు ఖాళీ అయింది?

కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ట్రెడ్‌మిల్లు, ఉయ్యాల, స్టడీ టేబుల్ సరసన పక్షి పంజరం కూడా అమ్మకానికి వస్తుంటుంది. యజమానికి బెంగళూరులో కొత్త ఉద్యోగమో, అమెరికా ప్రయాణమో. చూసినవాళ్లందరూ అడిగేది ఒకటే: ‘లాస్ట్ ప్రైస్ ఎంతండీ?’ అందులోని పక్షులు ఏమయ్యాయని అడిగేవాళ్లు అరుదు.

తెలిసినవాళ్లకు ఇచ్చేశామంటే సరే. రామచిలుకను పెంచామని మురిసిపోతూ చెబితే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం ఒప్పుకుంటున్నారన్నమాట. ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయంటే మాత్రం ఊరికే ఇచ్చినా ఆ పంజరం వద్దు. చిలుక జాతి పక్షుల ఈకలు రాల్చే సర్కోవైరస్ ఎండిన రెట్టలో, ఈకల పొడిలో నెలల తరబడి ఉండిపోతుంది. మామూలు మందులకు ఓ పట్టాన లొంగదు. సిటకోసిస్ అనే పక్షుల జబ్బు అయితే మనుషులకూ అంటుతుంది. జ్వరం, పొడిదగ్గుతో మొదలై న్యుమోనియా దాకా పోగలదు.

కొన్నాక మనవాళ్లు నేరుగా బ్లీచింగ్ కుమ్మరిస్తారు. రెట్ట పేరుకున్నచోట దాని బలమంతా ఆ మురికికే సరిపోతుంది. ముందు తడిపి నానబెట్టాలి. పొడిగా గీకితే ఆ దుమ్ము మన ముక్కులోకే. మాస్కు, గ్లవుజులు వేసుకుని, వేడినీళ్లు, సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో కూర్చోవాలి. తీగలు కలిసే మూలలు, తలుపు బందులు, ట్రే జారే గాడి... పక్షుల రక్తం పీల్చే ఎర్ర పురుగు నక్కేది అక్కడే. రక్తం దొరక్కపోయినా అది నెలలకొద్దీ బతుకుతుంది. ఆ తర్వాతే ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కు 32 వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, వాసన పోయేదాకా కడగాలి. బాత్రూం యాసిడ్ మాత్రం అందులో చుక్క కూడా కలపొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆరబెట్టడానికి మన ఎండ చాలు. కాకపోతే వల కట్టని బాల్కనీలో పెడితే మళ్లీ పావురాల రెట్టే.

చెక్క కర్రలు, బడ్జీలు గుడ్లు పెట్టే మట్టికుండ మొహమాటపడకుండా పారేయండి. వాటిలోకి ఇంకిన మురికి ఏ మందుకూ పోదు. ఆ కర్రల బదులు జామకొమ్మ మంచిదే కానీ కమ్యూనిటీ తోటలోంచి విరవొద్దు, మందు కొట్టి ఉంటారు. జింకు పూత పొరలుగా లేస్తున్న తీగను ఎంత తోమినా దండగ. బడ్జీలు ముక్కుతో తీగ పట్టుకునే ఎక్కుతాయి, కొరుకుతాయి, ఆ జింకు వాటికి విషం. ట్రేలో పాత పేపరు పరిచి రోజూ మార్చండి. ఈ శీర్షిక ఉన్న పేజీ అయినా నాకు అభ్యంతరం లేదు.

ఇక పంజరం పెట్టే చోటు. ఈ ఫ్లాట్లలో వంటిల్లు, హాలు ఒకటే. నాన్‌స్టిక్ పెనం స్టవ్ మీద మరిచిపోతే వచ్చే ఆవిరి మన ముక్కుకు తెలియకపోయినా పక్షిని నిమిషాల్లో చంపుతుంది. పంజరాన్ని ఇల్లంతా తిప్పేకన్నా పెనం మార్చడం తేలిక. ఇనప పెనం మీద దోసె కూడా బాగా వస్తుంది.