మందలింపు కాగితం చాలదు, కోర్టు ఉత్తర్వు కావాలి

సంపాదకులకు,



ప్రేమ పేరుతో వెంటపడినవాడు అమ్మాయిపై కత్తి దూశాడన్న వార్త వస్తే నేను ముందు చివరి పేరా చూస్తాను. చాలాసార్లు అక్కడ ఒకే ముక్క ఉంటుంది: గతంలో ఫిర్యాదు చేస్తే పోలీసులు పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపేశారని. పెద్దమనుషుల సమక్షంలో ‘ఇక ఆమె జోలికి పోను’ అని రాయించుకున్న కాగితం కూడా ఒకటి ఉంటుంది. ఆ మాట తప్పినందుకు వేరే శిక్ష అంటూ ఏదీ లేదు. ఆ కాగితం స్థానంలో కోర్టు ఉత్తర్వు ఉండాలని, అందుకు రెండు తెలుగు రాష్ట్రాలూ చట్టం చేయాలని నా వాదన.

ఇలాంటి ఉత్తర్వు మనకు కొత్తేమీ కాదు. 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇస్తారు. ఆమె పనిచేసే చోటికి వెళ్లకూడదు, ఫోన్ చేయకూడదు అని అందులో స్పష్టంగా రాయవచ్చు. అవసరమైతే అవతలి పక్షం రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. మీరితే ఏడాది దాకా జైలు, 20 వేల రూపాయల దాకా జరిమానా. అదీ నాన్ బెయిలబుల్. కానీ ఈ చట్టం గడప దాటదు. పెళ్లో, సహజీవనమో, చుట్టరికమో ఉండి, ఎప్పుడో ఒకప్పుడు ఒకే ఇంట్లో కలిసి ఉన్నవారికే అది వర్తిస్తుంది. బస్టాండు నుంచి కాలేజీ దాకా వెంటపడేవాడితో తనకు ఏ సంబంధమూ లేదని ఆ అమ్మాయి మొత్తుకుంటుంది. చట్టం కూడా సరిగ్గా ఆ మాటే చెప్పి ఆమెను బయట నిలబెడుతుంది.

వెంటపడటం నేరమే కదా అంటారు. నిజమే, 2013లో 354డి సెక్షన్‌గా వచ్చి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ అయింది. అయితే మొదటిసారికి అది బెయిలబుల్. స్టేషన్ బెయిలు మీద బయటికొచ్చినవాడు అదే వీధిలో తిరిగితే ఆమెకు దిక్కెవరు? ఇక బైండోవర్. అది పోలీసులకూ తహసీల్దారుకూ మధ్య నడిచే వ్యవహారం. శాంతిభద్రతల కోసం బాండు రాయిస్తారే తప్ప అందులో ఆమె పిటిషనరు కాదు.

ప్రభుత్వాలకు మాత్రం ఎప్పుడూ శిక్ష మీదే దృష్టి. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లులో ఏడు రోజుల్లో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ అన్నారు, అత్యాచారానికి ఉరి అన్నారు. రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. దక్కినా అది ఘోరం జరిగాక పనికొచ్చేదే. 2021లో గుంటూరు నడిరోడ్డుపై ఇంజినీరింగ్ విద్యార్థిని హత్య జరిగితే తొమ్మిది నెలలు నిండకుండానే ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది. తలచుకుంటే కోర్టులు అంత త్వరగా కదలగలవు. అందులో పదో వంతు వేగం అమ్మాయి బతికుండగా చూపించమని అడుగుతున్నాను.

వెంటపడేవాళ్లపై ఇలాంటి ఉత్తర్వును ఇంగ్లండ్, వేల్స్‌లలో 2019 చట్టంతో తెచ్చారు. అక్కడ పోలీసులే మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేస్తారు. ఉత్తర్వు మీరితే ఐదేళ్ల దాకా జైలు. మన దగ్గర పోలీసుల దయ మీద వదలకుండా బాధితురాలు కూడా నేరుగా వేసుకునే వీలుండాలి. క్రిమినల్ చట్టాలు ఉమ్మడి జాబితాలోవి కాబట్టి రాష్ట్రాలకు ఆ అధికారం ఉంది. కేంద్ర చట్టంతో పేచీ వస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఉరిశిక్షల జోలికి పోని చిన్న చట్టానికి అది దొరకడం అంత కష్టం కాకపోవచ్చు.

దీన్ని దుర్వినియోగం చేస్తారన్న భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే నా భయం వేరు. కూతురు కులం కాని కుర్రాణ్ని ఇష్టపడితే తల్లిదండ్రులే ఆమె పేరు చెప్పి ఈ ఉత్తర్వు తెచ్చుకుంటారు. అందుకే మేజరైన అమ్మాయి తరఫున మరొకరు పిటిషన్ వేయకూడదు. మేజిస్ట్రేటు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. మధ్యంతర ఉత్తర్వు ఇచ్చిన రెండు వారాల్లో అవతలివాడి మాటా వినాలి. ఇదే చట్టాన్ని మగవాళ్లకూ వర్తింపజేయాలి. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్నందుకు యువకుణ్ని చంపించారు. అలాంటి కుర్రాడికి మామగారిపై గృహహింస చట్టం అక్కరకు రాదు.

ఉత్తర్వు అమలు చూసేవాళ్లు లేకపోతే ఇదంతా వృథా. గృహహింస చట్టం వచ్చి ఇన్నేళ్లయినా, రక్షణ అధికారులను నియమించండని 2025 మే నెలలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కొత్త చట్టంలో ఆ పనిని అదనపు బాధ్యతగా ఎవరి నెత్తినో పెట్టకూడదు. ఉత్తర్వు నకలు అదే రోజు స్టేషనుకు చేరాలి. మీరినట్టు ఆమె ఫోన్ చేస్తే మళ్లీ కౌన్సెలింగ్ అనకుండా అరెస్టు చేయాలి.

ప్రభుత్వం ముందుకు రాకపోతే ఏ ఎమ్మెల్యే అయినా ప్రైవేటు బిల్లుగా పెట్టవచ్చు. ముసాయిదా రాసిపెట్టడానికి నాలాంటి వకీళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు, ఫీజు అడగకుండానే.

– ఒక న్యాయవాది, తెనాలి