సున్నం కన్నా ముందు దస్తావేజు

పల్నాటి పల్లెలో ఇల్లు కొనడానికి వచ్చినవాడు ముందు స్థలం చూస్తాడు. ఎన్ని గజాలు, వీధి ఏ వైపు, ట్రాక్టరు లోపలికి తిరుగుతుందా, బోరులో నీళ్ళున్నాయా అని అడుగుతాడు. ఇవన్నీ అయ్యాక లోపలికొచ్చి గోడ మీద రెండు దెబ్బలు తట్టి, "దీన్ని పడగొట్టించడానికే లక్ష దాటేట్టుంది కదండీ" అంటాడు. కొత్తగా వేయించిన రంగుల వాసన పోకముందే ఈ మాట విన్న ప్రవాసులు నాకు తెలిసినవాళ్ళలోనే చాలామంది ఉన్నారు. ఉండేది డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో. నాన్న పోయారు, అమ్మను తమ దగ్గరకు తీసుకెళ్ళారు. గురజాల పక్కనో దాచేపల్లి పక్కనో ఉన్న ఇంటికి తాళం పడింది. అమ్మేద్దామని నిర్ణయానికి వచ్చాక, కాస్త బాగుచేయిస్తే మంచి రేటు పలుకుతుందని ఎవరో ఒకరు చెబుతారు. ఖర్చు అక్కడ మొదలవుతుంది.

ఆ సలహా వాళ్ళుండే దేశాల్లో పనికొచ్చేదే. అమెరికాలో ఇల్లు అమ్మకానికి పెట్టేముందు రంగులు వేస్తారు, వంటగది మారుస్తారు, ముందున్న గడ్డి కత్తిరిస్తారు. కొన్నవాడు బ్యాంకు లోను తీసుకుని అదే ఇంట్లో కాపురం పెడతాడు కనక పెట్టిన ఖర్చు తిరిగొస్తుంది. మన ఊళ్ళో కొనేది ఎవరు? నూటికి తొంభైసార్లు పక్కింటాయనే, కాకపోతే దాయాది. వాళ్ళెవరికీ మనింట్లో ఉండే ఉద్దేశం లేదు. మధ్యలో గోడ తీసేస్తే ట్రాక్టరుకు చోటొస్తుంది, కొడుకు పెళ్ళి నాటికి కొత్త డాబా లేస్తుంది. ఆ లెక్కలో మన మాడ్యులర్ కిచెన్‌కు దమ్మిడీ విలువ ఉండదు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. అమ్మదలచుకున్నవాళ్ళు ఇంటి జోలికి పోవద్దు, కాగితాలు బాగుచేయించుకోండి. ఇంటి మీద డబ్బు పెట్టాల్సింది అందులో ఉండదలచుకున్నవాళ్ళు.

మా బంధువొకాయన రెంటచింతల వైపు ఊళ్ళో తమ పెద్దల ఇల్లు బాగుచేయించిన తీరు చెప్పాలి. రెంటచింతల అంటే మే నెలలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ నమోదయిందని పేపర్లో తరచూ కనిపించే ఊరు. ఆ ఎండకు తట్టుకునేట్టుగానే పాతకాలం ఇళ్ళు కట్టారు. మాచర్ల నుంచి పిడుగురాళ్ళ దాకా ఈ నేల కింద ఉన్నదంతా సున్నపురాయే. సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్ళ సున్నం బట్టీలు బతికేది దాని మీదే. ఇళ్ళ కట్టుబడికీ అదే వచ్చింది. మూరెడు మందం రాతిగోడ, కింద నాపరాళ్ళు, పైన టేకు దూలాల మీద పరిచిన బండలు, వాటి మీద మట్టి, సున్నపు గచ్చు. ఫ్యాను లేని రోజుల్లో కూడా మిట్టమధ్యాహ్నం వసారాలో నాపరాయి మీద చాప లేకుండా పడుకునేవాళ్ళు. నడిచి నడిచి ఆ రాయి తనంతట తనే నునుపు తేలి ఉంటుంది.

మా బంధువు న్యూజెర్సీలో ఉన్నాడు. మేస్త్రీ ఆ ఊళ్ళో ఉన్నాడు. మధ్యలో వాట్సాప్ వీడియోలు. మేస్త్రీ సలహా మీద సున్నపు గోడలు గీకించి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. రాతిగోడ కింది నుంచి నెమ్ము పీల్చుకుంటుంది. సున్నం పూతైతే ఆ తడిని బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. రెండో వానాకాలానికి గోడలు మోకాలి ఎత్తు దాకా బుడగలు కట్టి పెళ్ళలు రాలాయి. నాపరాళ్ళ మీదే టైల్స్ వేశారు. నేల ఎత్తయింది, తలుపులు తెరుచుకోలేదు. అందుకని ఆయన తాతగారి కాలపు టేకు తలుపుల్ని కింద అంగుళంన్నర మేర కోయించి, పైన చాక్లెట్ రంగు ఎనామిల్ కొట్టించారు. మొత్తం 18 లక్షలు. డాలర్లలో చూసుకుంటే పెద్దగా బాధనిపించని ఖర్చు కావడమే ఇక్కడ ప్రమాదం.

పని పూర్తయ్యాక పక్కింటాయన వచ్చి చూశాడు. ముందు సంవత్సరం ఏ ధర చెప్పాడో అదే చెప్పాడు. పోతూ పోతూ ఒక ప్రశ్న అడిగాడు: "అబ్బాయ్, కిందున్న నాపరాళ్ళు తీసి పెట్టుకోకుండానే వాటి మీద టైల్సు పరిపించావా?" పాత బండలకు, టేకు దూలాలకు, ద్వారబంధాలకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఇల్లు పడగొట్టినప్పుడు అవి విడిగా అమ్ముడుపోతాయి. ఆ ఇంట్లో ఊరివాళ్ళ దృష్టిలో విలువైన వస్తువులు ఏవైతే ఉన్నాయో, 18 లక్షలు పోసి వాటినే కప్పేశారన్నమాట. తమిళనాడులో చెట్టినాడు వ్యాపారులు బర్మా టేకుతో కట్టిన మేడలకూ ఇదే గతి పట్టింది. వారసులు ఊళ్ళు వదిలాక ఎన్నో ఇళ్ళు ఊడదీసి స్తంభాలు, తలుపులు కారైక్కుడి పాతసామాన్ల దుకాణాలకు చేర్చారు. అక్కడ ఇంటికన్నా ఇంటి ముక్కలకే ధర పలికింది.

ఇక కాగితాల సంగతి. పల్నాడు 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది, నరసరావుపేటకు కలెక్టరేటు వచ్చింది. ఊళ్ళో మన ఇంటి హక్కు పత్రం మాత్రం తాతల నాడు ఎక్కడుందో అక్కడే ఉంది, అంటే చాలామందికి అసలు లేదు. పల్లెలో పాత ఇళ్ళన్నీ గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉంటాయి. పొలానికున్నట్టు వాటికి పట్టాదారు పుస్తకం ఉండదు. తాత ఎవరి దగ్గరో తెల్లకాగితం మీద రాయించుకున్నాడు, నాన్న ఇంటి పన్ను కట్టాడు. రుజువంతా ఆ పన్ను రసీదే. కొన్నిచోట్ల గ్రామకంఠం మొత్తాన్నీ ప్రభుత్వ భూమిగా నమోదు చేసి, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని 22-ఏ నిషేధిత జాబితాలో పడేశారు. అలాంటి ఇంటికి ఎంత సున్నం కొట్టించినా సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు చెయ్యడు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం ఈ చిక్కు తీర్చడానికే వచ్చింది. డ్రోనుతో కొలిచి ఇళ్ళకు ప్రాపర్టీ కార్డులు ఇస్తారు. మీ ఊళ్ళో కొలతలు అయ్యాయా, అయితే కార్డులో ఎవరి పేరు ఎక్కింది అన్నది పంచాయతీ కార్యదర్శిని అడగండి. తాళం వేసిన ఇంటికి కొలతల రోజున ఎదురుగా నిలబడి హద్దు చూపించేవాడు ఉండడు. పక్కవాడు చూపించిందే హద్దవుతుంది.

దొడ్డి గురించి ఎవరూ ఆలోచించరు. ఇల్లు గ్రామకంఠంలో ఉండి, వెనక గడ్డివామి వేసే దొడ్డి మాత్రం సర్వే నంబరులో వ్యవసాయ భూమిగా ఉండడం మామూలే. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్న తమ్ముడి వాటా కొనుక్కుందామనుకుంటే ఇంటివరకు కొనొచ్చు, దొడ్డి కొనడానికి లేదు. వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూమిని ప్రవాసి ఉంచుకోవచ్చు, అమ్మితే ఇక్కడ నివసించే భారతీయ పౌరుడికే అమ్మాలి. కొత్తగా కొనడం కుదరదు.

ఆడపిల్లల వాటా దగ్గర మన మగపిల్లల మతిమరుపు ఆశ్చర్యం కలిగిస్తుంది. "అక్కయ్యకు పెళ్ళిలో ఇచ్చేశాంగా" అంటారు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005లో కేంద్ర చట్టం అందరు కూతుళ్ళకూ ఆ హక్కిచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. తండ్రి స్వార్జితమైతే భార్య, కూతుళ్ళు, కొడుకులు అందరూ సమాన వారసులే. అక్క సంతకం లేని అమ్మకాన్ని తెలివైన కొనుగోలుదారు ముట్టుకోడు. ముట్టుకున్నవాడు సగం ధరే ఇస్తాడు. అక్కయ్యకు ఫోన్ చేసి వాటా సంగతి మాట్లాడటం, ఆమె తన వాటా వదులుకుంటానంటే దస్తావేజు రిజిస్టరు చేయించడం, వదులుకోనంటే ఆమె డబ్బు ఆమెకివ్వడం. ఆ ఇంటి ధర పెంచే మరమ్మతు ఇంతకు మించి లేదు.

రాలేనివాళ్ళు బావమరిదికి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇస్తారు. కాన్సులేట్‌లో చేయించిన జీపీఏ ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటించి బీరువాలో పెట్టుకున్నవాళ్ళు కోకొల్లలు. అమ్మ ఇచ్చిన జీపీఏ ఆమె పోయిన రోజుతో ముగుస్తుంది. ఆ తర్వాత దానితో బేరం కుదుర్చుకుంటే ఊళ్ళో పంచాయతీ తప్పదు.

పన్ను దగ్గర ఒక అపోహ ఉంది. పల్లెలో పొలం అమ్మితే మూలధన లాభం పన్ను లేదు కనక ఇంటికీ లేదనుకుంటారు. మున్సిపాలిటీకి నిర్ణీత దూరం దాటి ఉన్న పల్లెల వ్యవసాయ భూమికే ఆ సౌకర్యం. ఇంటికి పన్ను ఉంది. పైగా ప్రవాసి అమ్మితే కొన్నవాడే టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఇక్కడివాళ్ళ అమ్మకాల్లో 50 లక్షల లోపు ఆ బాధ లేదు, ప్రవాసికి ఆ హద్దు వర్తించదు. 2024 జూలై 23 నుంచి దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, సెస్సు కలిపితే 13. పన్ను లాభం మీదే అయినా, తక్కువ పట్టమని ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం ధర మీద పట్టడమే ఆనవాయితీ. కొనడానికి వచ్చిన మిర్చి రైతుకు ఇదంతా విడమరచి చెప్పేలోపు ఆయన వేరే స్థలం చూసుకుంటాడు. ఇంటి మీద పెట్టిన ఖర్చు లాభంలోంచి తగ్గించుకుందామా అంటే బిల్లులుండాలి, అదీ ఇంటిని పెంచిన పనులకే తప్ప రంగులకు, అతుకులకు చెల్లదు. మేస్త్రీ సిగరెట్ పెట్టె మీద రాసిన లెక్కలు ఏ ఆఫీసరూ ఒప్పుకోడు.

నగదు మాట ఇంతకన్నా ఇబ్బంది. కొనేవాడు ప్రభుత్వ విలువకు రిజిస్ట్రేషన్ చేయించుకుని మిగతాది చేతికిస్తానంటాడు. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. పైగా ఆ నోట్లు న్యూజెర్సీకి ఎలా వెళ్తాయి? ప్రవాసుల ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడ్డ డబ్బైతే చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌తో సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా తీసుకెళ్ళొచ్చు. పల్లె ఇల్లు అమ్మినవాడికి ఆ పరిమితి అడ్డం రాదు లెండి.

బేరానికి కాలం కూడా ఉంటుంది. మనవాళ్ళు డిసెంబరులో దిగి సంక్రాంతి చూసుకుని వెళ్ళిపోతారు. అప్పటికి పల్నాడు రైతు చేతిలో డబ్బుండదు, అప్పులే ఉంటాయి. మిర్చి గుంటూరు యార్డుకు జోరుగా వెళ్ళేది ఫిబ్రవరి నుంచి. స్థలం కొనే ఆలోచన, కొడుకు పెళ్ళి, బోరు వెయ్యడం అన్నీ ఆ డబ్బు ముట్టాకే. 2025లో మిర్చి ధర కూలిపోయి, క్వింటాలు 11,781 రూపాయల లెక్కన కేంద్రం ఆదుకోవాల్సి వచ్చింది. అలాంటి ఏడు ఏ ఊళ్ళోనూ ఇల్లు కదలదు. సెలవు దొరికిన పది రోజుల్లో, పంట ఇంకా చేలో ఉండగా, అమరావతి రేట్లు మనసులో పెట్టుకుని బేరానికి కూర్చుంటే ఏం జరుగుతుంది? మాచర్ల నుంచి అమరావతికి వంద కిలోమీటర్లకు పైనే. రాజధాని పేరు చెప్పి పెంచిన రేటు ఇక్కడిదాకా రాదు.

ఊళ్ళలో తాళాలు పడటం మన ఒక్కరి కథ కాదు. జపాన్‌లో 2023 లెక్కల ప్రకారం 90 లక్షల ఇళ్ళు ఖాళీ. అక్కడైనా పట్టణం నుంచి ఎవరో వచ్చి పాత ఇల్లు కొని ఉంటున్నారు. మనకు ఇంకా ఆ కొనేవాడు పుట్టలేదు. పల్నాటి రాతి ఇంటికి రాతి ఇల్లుగానే విలువ కట్టేవాడు వచ్చేదాకా దాని ధర స్థలం ధరే.

అమ్మబోమని, ఏడాదికి ఓ నెలైనా వచ్చి ఉంటామని, అమ్మ కోసం ఇల్లు నిలుపుతామని అనుకునేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఎంతైనా పెట్టవచ్చు, అది వాళ్ళ సంతోషం. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. సున్నం తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు, వాళ్ళను వెతికి పట్టుకోండి. కప్పు మీది గచ్చు ముందు బాగుచేయించండి, నీళ్ళు పోయే తూములు తీయించండి, చెదకు మందు కొట్టించండి. నాపరాళ్ళు కదిలించవద్దు.

అమ్మేవాళ్ళు మాత్రం ఈసారి వచ్చినప్పుడు మేస్త్రీని పిలవకుండా నేరుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించుకోండి. 1983 నుంచి ఉన్నవి ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి, అంతకు ముందువి ఆఫీసులో వెతికించుకోవాలి. తర్వాత అక్కచెల్లెళ్ళతో మాట్లాడండి. ఆ పైన పక్కింటాయన చెప్పిన ధర మీద కాస్త బేరమాడి ఇచ్చెయ్యండి. మీ ఇంటికి ఆయన కన్నా మంచి కొనుగోలుదారు దొరకడు.