ఇంటికి ఒక సైకిల్ చాలదు

ఈసారి కూడా పొడుగ్గానే రాస్తున్నాను, తీరిక ఉన్నప్పుడు చదవండి. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని నేర్చుకొన్నది నలభై దాటినాక, మన ఆదివారం క్లాసులోనే. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతే దిద్ది చెప్పండి, కోపగించుకోను.

పోయిన నెల మీటింగు ముగిసి అందరూ కాఫీ తాగుతా ఉంటే ఒక పిల్లవాడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. పేరు రాయను. రెడ్ హిల్స్ పక్కన ఇల్లు, అంబత్తూరు ఎస్టేటులో పని. పోనురాను సుమారు 30 కిలోమీటర్లు. ఇరవై వేలు పెట్టి గేర్ల సైకిల్ కొన్నాడు, ఇకమీదట దాని మీదే పనికి పోతాడంట. ఇంట్లో ఏడాదిన్నర బిడ్డ. భార్య వద్దంటోంది, అమ్మ వద్దంటోంది.

"మామా, మీరు ఎన్నో ఏండ్లు తొక్కినారు కదా. ఒకసారి మా ఇంటికి వచ్చి చెప్పండి, మీ మాటంటే వింటారు" అన్నాడు.

"మీ ఇంట్లో వాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు అబ్బాయ్, చెప్పాల్సింది నీకే" అన్నాను. అక్కడ నలుగురు ఉన్నారు, మాట సాగలేదు. చెప్పాలనుకొన్నది ఇక్కడ రాస్తున్నాను. వాడి ఒక్కడి కోసమే కాదు.

ముందు నా కథ. మాది శోళవరం. ఒకప్పుడు మోటారు పందేలు జరిగిన ఊరు కాబట్టి పాతవాళ్ళకు పేరు తెలిసి ఉంటుంది. పని పెరంబూరులో, రైల్వేలో గుమాస్తా. రైలు పాసు చేతిలో ఉంది కానీ మా ఊరికి రైలు లేదు. బస్సంటే రెడ్ హిల్స్‌లో దిగి మారాలి, పొద్దున పూట లోపల కాలు పెట్టే చోటు ఉండదు. మా నాయన చేసిన అప్పు తీరాలి, ఇంటి పైకప్పు మార్చాలి. 1989లో ఒక నల్ల హెర్క్యులస్ సైకిల్ కొన్నాను, అంబత్తూరులోనే తయారైనది. ఒక దిక్కుకు సుమారు 19 కిలోమీటర్లు, గంటంబావు. శోళవరం నుంచి రెడ్ హిల్స్, కావాంగరై, పుళల్, మాధవరం రౌండానా, మూలకడై, అక్కడి నుంచి పెరంబూరు. అంతా జి.ఎన్.టి. రోడ్డు, నెల్లూరు నుంచి రెడ్ హిల్స్ మండీలకు బియ్యం లారీలు వచ్చే దావ. 2001 దాకా తొక్కినాను.

సైకిల్ తొక్కేవాళ్ళు మామూలుగా చెప్పే మాటలన్నీ నేనూ చెప్పినాను. ఒళ్ళు తేలిక అవుతుంది, డబ్బు మిగులుతుంది, ఒకరి కోసం ఎదురుచూసే పని లేదు. ఇవేవీ అబద్ధం కాదు. గుమాస్తాను కాబట్టి లెక్క కూడా వేసి చూపిస్తాను. ఆ పిల్లవాడి బండి లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి, లీటరు 100 రూపాయలు అనుకోండి. రోజుకు 30 కిలోమీటర్లకు 60 రూపాయలు, నెలకు 24 రోజులకు 1,440. ఇరవై వేల సైకిల్ పద్నాలుగు నెలల్లో దాని ఖరీదు అదే తీర్చుకొంటుంది. ఆ తరువాత మిగిలేది లాభమే.

ఆ లెక్క తప్పు కాదు, కానీ అందులో ఒక పద్దు రాయలేదు. అది నాకు మూడేండ్లు కనపడలేదు.

1992 కార్తీక మాసం, మంచి వాన. పుళల్ దగ్గర వెనక చక్రం పంచరు. గొడుగు లేదు, పంచరు అంగడి మూసేసి ఉంది. కావాంగరై దాకా సైకిల్ తోసుకొంటూ వచ్చి, ఒకాయనను నిద్ర లేపి పంచరు వేయించుకొని ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. వాకిట్లో మా అమ్మ ఒక్కతే కూర్చొని ఉంది. నాలుగేండ్ల పాపకు సాయంత్రం నుంచి జ్వరం కాస్తా ఉంటే, మా ఇంటామె బిడ్డను భుజాన వేసుకొని, పక్కింటాయనను బతిమాలుకొని, ఆయన సైకిల్ వెనక కూర్చొని రెడ్ హిల్స్ డాక్టరు దగ్గరికి పోయి ఉంది. పది దాటినాక వచ్చింది. ఇద్దరూ తడిసిపోయినారు. పాపకు ఏమీ కాలేదు, రెండు రోజుల్లో తగ్గిపోయింది.

ఆ రాత్రి నేను నా పంచరు కథ చెప్పబోయినాను. ఆమె విని, ఒళ్ళు తుడుచుకొంటూ మెల్లగానే అన్నది. "మీరు బస్సులో పోయేటప్పుడు ఏడున్నరకు బయలుదేరతా ఉంటిరి. ఇప్పుడు ఎండెక్కక ముందే అని ఆరున్నరకు. ఖాళీ కడుపుతో తొక్కలేరని పొద్దునే అన్నం, మధ్యాహ్నానికి క్యారియరు. నేను నాలుగింటికి లేస్తా ఉండాను. దావలో ఒక చొక్కా, ఆఫీసులో ఒక చొక్కా, రెండూ నేనే ఉతకాలి. రేషను, కిరసనాయిలు వరస, అత్తకు చక్కెర మాత్రలు, అన్నీ నడిచి పోయి తేవాలి. మీరు తొక్కేది రెండు చక్రాలే. మిగతాదంతా ఎవరు తొక్కుతా ఉండారు?"

జవాబు లేదు నా దగ్గర. బస్సు డబ్బు మిగిలిందని ప్రతి నెలా నోటుబుక్కులో రాసుకొంటిని. ఆమె నిద్ర ఎంత పోయిందో ఏ నోటుబుక్కులోనూ లేదు.

ఇంకొక నిజం కూడా ఒప్పుకోవాలి, ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదు. సైకిల్ డబ్బు కోసమే అన్నది సగం మాట. ఆ గంటంబావు నాది. ధనుర్మాసంలో చెరువు మీద మంచు లేచేటప్పుడు పెడల్ తొక్కుతా ఉంటే అప్పు గుర్తుండదు, ఆఫీసు ఫైలు గుర్తుండదు. ఇంటికి వచ్చి "ఒళ్ళు నొప్పులు" అని చాప మీద వాలితే ఎవరూ పని చెప్పరు. మగవాడికి ఇంటి నుంచి గౌరవంగా తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి దావ లేదు. తాగుడు కాదు, పేకాట కాదు, ఎవరైనా ఏమనగలరు? ఆ పిల్లవాడు తన్ను తాను మొదట అడుక్కోవాల్సింది ఇదే. పనికి పోవడానికి తొక్కుతున్నావా, ఇంట్లో లేకుండా ఉండడానికి తొక్కుతున్నావా? రెండూ కలిసే ఉంటాయి. రెండోది ఎంతుందో తెలుసుకొంటే చాలు.

అట్లని సైకిల్ మానెయ్యమని నేను చెప్పడం లేదు. నేనూ మానలేదు, పద్ధతి మార్చినాను.

రైల్వేలో టైమ్ టేబుల్ వేసేటప్పుడు రికవరీ టైము అని ఒకటి కలుపుతారు. బండి దావలో ఎక్కడో ఆగిపోతుందని ముందే అనుకొని, కడపటి స్టేషన్‌కు ముందు కొన్ని నిమిషాలు ఎక్కువ వేస్తారు. అందుకే మధ్యలో ఆలస్యమైన బండి కూడా చాలాసార్లు చివరికి టైముకు చేరుతుంది. ఇంటి టైమ్ టేబుల్‌లో నేను ఆ నిమిషాలు వేయలేదు. పంచరైనా, వాన పట్టినా, పాపకు జ్వరం వచ్చినా ఆ ఆలస్యమంతా మా ఇంటామె నెత్తిన పడుతూ వచ్చింది.

ఆ తరువాత వారానికి మూడు రోజులే సైకిల్, మిగతా రోజులు బస్సు. అమ్మను ఆస్పత్రికి తీసుకుపోయే రోజు, రేషను వేసే రోజు సైకిల్ దినం కాదు. ఐప్పసి, కార్తీక మాసాల వానలకు, కర్తరి ఎండలకు పూర్తిగా బస్సే. దావలో తడిసిన చొక్కా నేనే ఉతుక్కోవాలి. పొద్దునకు రాత్రే నీళ్ళు పోసిన అన్నం, మజ్జిగ, ఊరగాయ. అది తిని 19 కిలోమీటర్లు బ్రహ్మాండంగా తొక్కవచ్చు, వేడి వేడిగా వండించుకోవాల్సిన పని లేదని అప్పుడు తెలిసింది.

అన్నింటికంటే పెద్ద మార్పు ఇంకొకటి. ఆ కాలంలో తమిళ పేపర్లలో పుదుకోట్టై జిల్లా సంగతులు వస్తా ఉండేవి. అరివొళి ఇయక్కం అని అక్షరాస్యత ఉద్యమం, కలెక్టరు షీలా రాణి చుంకత్ గారు. చదువుతో పాటు ఆడవాళ్ళకు సైకిల్ నేర్పించినారు, వేల మంది నేర్చుకొన్నారు. మన వి.వి. గిరి గారి మనవడు పి. సాయినాథ్ గారు కూడా దాన్ని గురించి రాసినారు. పల్లెలో ఆడమనిషికి సైకిల్ వస్తే నీళ్ళు తేవడం, సంతకు పోవడం, బిడ్డను బడిలో దించడం ఇంకొకరి కోసం కాచుకోకుండా జరిగిపోతాయి. అది చదివి నేనే ఇంట్లో మాట తీసినాను. మా అమ్మ ఒప్పుకోలేదు. "ఆడది సైకిలెక్కితే ఊరేమంటుందిరా" అన్నది. మా ఇంటామె మాత్రం "ఊరు వచ్చి రేషను తెచ్చి ఇస్తుందా అత్తా?" అన్నది.

చీకటి పడినాక చెరువు కట్ట కింద దావలో నేర్చుకొన్నది. సీటు వెనక నేను పట్టుకొని పరుగెత్తినాను. రెండుసార్లు పడింది, మోచెయ్యి గీరుకొన్నది. మూడు వారాల్లో వచ్చేసింది. 1993లో పాత లేడీస్ సైకిల్ ఒకటి కొన్నాము. పాప బడి, రేషను, మందులు ఆమె సైకిల్ మీదే. మా అమ్మ కూడా ఒక రోజు వెనక కూర్చొని గుడికి పోయి వచ్చింది, ఆ తరువాత ఆ మాట ఎత్తలేదు.

నా అభిప్రాయం ఇదే. దూరం తొక్కి పనికి పోవాలనుకొనే మగవాడు మొదట ఇంట్లో ఉండే మనిషికి రెండో సైకిల్, లేదా ఒక చిన్న బండి, ఏదో ఒకటి ఏర్పాటు చెయ్యాలి. అతను ఇరవై వేల సైకిల్ ఎక్కి పోయి, ఇంట్లో బిడ్డతో ఉన్న అమ్మాయి ఆటో కోసం నిలబడితే అది పొదుపు కాదు, ఖర్చును ఒక చేతి నుంచి ఇంకొక చేతికి మార్చడం.

ఇంకొక మాట, రోడ్డు సంగతి. నేను తొక్కిన రోడ్డు ఇప్పుడు లేదు. ఆనాటి ఎన్.హెచ్. 5 ఈనాడు ఎన్.హెచ్. 16, పెద్ద పెద్ద కంటైనరు లారీలు పోతాయి. నా కాలంలో డైనమో లైటు చాలింది, ఇప్పుడు చాలదు. వెనక ఎర్ర లైటు, తలకు హెల్మెట్ లేకుండా బయలుదేరవద్దు. కిలోమీటరు ఎక్కువైనా ఊరి లోపలి దావ పట్టుకో. చీకటి పడినాక హైవే వద్దు, ఆ రోజు సైకిల్ ఆఫీసులోనే పెట్టి బస్సెక్కు. ఇది మీ అమ్మ భయం అనుకోవద్దు, ఆమె చెప్పేది నిజమే.

సంఘంలో కొందరు "బండి కొనలేక సైకిలా?" అని నవ్వినారని కూడా విన్నాను. అది మాత్రం నాకు బాధ కలిగించింది. మన తాతలు ఈ ఊళ్ళకు కాలినడకన, ఎద్దుల బండ్ల మీద వచ్చినవాళ్ళు. ప్లస్ వన్ పిల్లలకు తమిళనాడు ప్రభుత్వమే ఉచితంగా సైకిళ్ళు ఇస్తోంది, వాటి మీద బడికి పోయి చదువుకొన్న పిల్లలు మన ఇండ్లలో లేరా? సంబంధం మాట్లాడేటప్పుడు వాకిట్లో ఏ బండి నిలబడి ఉందని చూడకండి. ఇంటి పని ఎవరెవరు పంచుకొంటారని అడగండి.

ఊరికే మాట చెప్పి పోవడం నాకు ఇష్టం లేదు, కాబట్టి కమిటీకి రెండు మనవులు. ఒకటి, మన భవనం వెనక స్నానాల గది వారమంతా తాళం వేసే ఉంటుంది. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా తెరిచి పెడితే, ఆ చుట్టుపక్కల పనికి వచ్చే మన పిల్లలు కాళ్ళు కడుక్కొని చొక్కా మార్చుకొని పోతారు. ఒక గాలి పంపు నేను కొని ఇస్తాను. సైకిల్ వదిలేసినవాళ్ళలో చాలామంది వదిలేసేది దూరానికి కాదు, చెమట కంపుతో ఆఫీసులో కూర్చోలేక.

రెండు, ఆదివారం తెలుగు క్లాసు అయినాక ఒక గంట, రావాలనుకొనే ఆడవాళ్ళకు సైకిల్ నేర్పుదాం. మా లేడీస్ సైకిల్ ఇంకా ఉంది, తుప్పు తుడిచి, టైర్లు మార్చి తెస్తాను. నేర్పడానికి మా ఇంటామె వస్తానన్నది. అరవై దాటినా కాళ్ళు బాగానే ఉన్నాయి ఆమెకు.

నేను 2001లో సైకిల్ ఆపేసినాను. అమ్మ మంచాన పడింది, సాయంత్రం ఆరున్నరకల్లా ఇంట్లో ఒకరు ఆమెను ఎత్తి కూర్చోబెట్టాలి. ఒక పాత స్కూటరు కొన్నాను. బాధ లేదా అంటే ఉంది. కానీ సైకిల్ ఇంటి కోసమే గానీ, ఇల్లు సైకిల్ కోసం కాదు కదా.

అబ్బాయ్, ఇది చదివితే నీ భార్యకు కూడా చదివి వినిపించు. వద్దన్న మాట వెనక ఆమె లెక్క ఏమిటో అడిగి, ఒక కాగితం మీద రాసుకో. ఆ లెక్కకు నీ దగ్గర జవాబు ఉంటే రేపే తొక్కు. లేకుంటే ముందు ఆ జవాబు చూసుకో, సైకిల్ ఎక్కడికీ పోదు.