అర్థమయ్యాకే సంతకం!
వైద్య పరిశోధనలో వికలాంగ పిల్లల కుటుంబాలు... సరిహద్దు దాటిన తెలుగువారికి భాషే చిక్కు

మారతహళ్ళి: కళామందిర్ స్టాపులో పది నిమిషాలు నిలబడితే చాలు, అనంతపురం యాస, కడప యాస, గోదావరి యాస అన్నీ చెవిన పడతాయి. ఉద్యోగానికి వచ్చినవారు కొందరు, చదువులకు వచ్చినవారు కొందరు. వారి మధ్యే పెద్దగా ఎవరి కంటా పడని కుటుంబాలూ ఉన్నాయి. పిల్లవాడి జబ్బు కోసం ఊరు వదిలినవారు, నిమ్హాన్స్‌కు దగ్గరగా ఉంటే మేలనుకున్నవారు. ఇలాంటి ఇంటికి ఏదో ఒకరోజు ఆస్పత్రిలో ఒక మాట ఎదురవుతుంది. ‘పరిశోధన జరుగుతోంది, మీ బాబును చేరుస్తారా?’ సరే అంటే ఏమవుతుందో తెలీదు. వద్దంటే ఉన్న వైద్యం కూడా ఆగిపోతుందేమోనన్న భయం. ఆ భయంతో పెట్టే సంతకానికి విలువెంత?

ఏమిటీ జబ్బు?

డుషేన్ కండరాల క్షీణత (డీఎండీ) సంగతే తీసుకుందాం. సుమారు 3,500 నుంచి 5,000 మంది మగ శిశువుల్లో ఒకరికి వస్తుందని అంచనా. నాలుగైదేళ్ళ వయసులో పిల్లవాడు తరచూ పడిపోతాడు, మెట్లెక్కలేడు. చాలామంది 12 ఏళ్ళు వచ్చేసరికి చక్రాల కుర్చీకి పరిమితమవుతారు. తర్వాత గుండె, ఊపిరితిత్తుల కండరాలూ బలహీనపడతాయి. స్టెరాయిడ్లు, ఫిజియోథెరపీ జబ్బు వేగాన్ని తగ్గిస్తాయే తప్ప నయం చేయవు.

డిస్ట్రోఫిన్ అనే జన్యువులో లోపమే దీనికి మూలం. ఈ జన్యువును 79 పెట్టెల రైలు అనుకోండి. మధ్యలో రెండు పెట్టెలు పోతే మిగిలిన వాటి కొక్కేలు కలవవు, రైలు నిలిచిపోతుంది. ఇంకో పెట్టెను కూడా తప్పించి కొక్కేలు కలిసేలా చేస్తే రైలు పొట్టిదైనా కదులుతుంది. ‘ఎక్సాన్ స్కిప్పింగ్’ మందుల సూత్రం ఇదే. ఏ పెట్టె పోయిందన్నది ఒక్కో పిల్లవాడిలో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఒకరికి పనికొచ్చే మందు మరొకరికి పనికిరాదు. ముందు జన్యు పరీక్ష జరగాలి, ఎవరిలో ఏ లోపమో లెక్క తేలాలి. ఆ లెక్క కుటుంబాలు ముందుకొస్తేనే తేలుతుంది.

బెంగళూరు నుంచే ఒక ప్రయత్నం

విదేశీ మందులకు ఒక్కో బిడ్డకు ఏడాదికి 2 నుంచి 3 కోట్ల రూపాయలు అవుతుందని 2023 జనవరిలో కేంద్రం విడుదల చేసిన ప్రకటనే చెప్పింది. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద 2022 నుంచి ఇస్తున్న సాయం గరిష్ఠంగా 50 లక్షలు. ఏళ్ళ తరబడి వాడాల్సిన మందుకు అది ఏ మూలకు? అందుకే సొంతంగా మందు తయారు చేసుకోవాలన్న పట్టుదల పుట్టింది. బెంగళూరులోని డిస్ట్రఫీ యానిహిలేషన్ రీసెర్చ్ ట్రస్ట్ (డార్ట్) డీఎండీ బాధిత కుటుంబం చొరవతో మొదలైన సంస్థ. జోధ్‌పూర్ ఐఐటీ, ఎయిమ్స్‌లతో కలిసి చవకైన మందు కోసం పనిచేస్తోందని, మనుషులపై ట్రయల్‌కు డీసీజీఐ అనుమతి వచ్చిందని 2023లో ప్రకటించారు. కన్నవాళ్ళు ప్రయోగశాల గడప తొక్కితే ఏం సాధ్యమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అయితే ఆశ ఒక్కటే చూస్తే సరిపోదు. అమెరికాలో 2023లో అనుమతి పొందిన ఎలివిడిస్ అనే జన్యు చికిత్స తీసుకున్నాక, అప్పటికే నడక పోయిన ఇద్దరు కుర్రాళ్ళు కాలేయం దెబ్బతిని చనిపోయిన సంగతి 2025లో బయటపడింది. ఆ ఏడాది జూలైలో సరఫరా కొన్నాళ్ళు ఆగింది. నడవగలిగే పిల్లలకు మళ్ళీ మొదలైంది. నడవలేనివారికి వాడకుండా నవంబరులో కట్టడి చేశారు. అనుమతి వచ్చిన మందు సంగతే ఇలా ఉంటే, ఇంకా పరీక్షలో ఉన్న మందు మాటేమిటి?

ఖమ్మం చెప్పిన పాఠం

ఇక్కడ మనవాళ్ళు మరిచిపోకూడని పేరు ఖమ్మం. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఆ జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనాన్ని 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. జరిగిన మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ తేల్చింది. కానీ సమ్మతి సంగతి వేరు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలు. అమ్మానాన్నలకు తెలియకుండానే బిడ్డ పరిశోధనలో చేరిపోయిందన్నమాట!

ఆ తర్వాత చట్టం గట్టిపడింది. 2019 కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలోనే వివరించాలి. చదవడం రానివారి విషయంలో సంబంధం లేని సాక్షి ఉండాలి. కొత్త రసాయన మందును పిల్లల వంటి బలహీన వర్గాలపై పరీక్షిస్తే సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలి. ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్ళు దాటిన పిల్లవాడి ఇష్టం కూడా అడగాలి.

‘ఒప్పిగె’ ఒక్కటే తెలిస్తే చాలదు

సరిహద్దు దాటిన తెలుగు కుటుంబం ఇరుక్కునేది ఇక్కడే. కన్నడంలో ‘ఒప్పిగె’ అంటే సమ్మతి అని ఇక్కడ ఏడాదిగా ఉంటున్నవారికి తెలుస్తుంది. దాని కింద ఉన్న పది పేజీలు తెలియవు. ఇంగ్లీషు కాగితాన్ని సాఫ్ట్‌వేర్ కొడుకు చదివి ‘ఏం పర్లేదమ్మా’ అంటాడు. కానీ రోజంతా బిడ్డ పక్కన ఉండేది తల్లి, రాత్రి జ్వరమొస్తే చూసుకునేది అమ్మమ్మ. అర్థం కావాల్సింది వాళ్ళకు. కాబట్టి తెలుగు పత్రం కావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు, అది హక్కు. కాగితాలు ఇంటికి తీసుకెళ్ళి, పెద్దలతో మాట్లాడి రెండు రోజుల తర్వాత చెబుతామనడంలో తప్పేమీ లేదు.

మరో సున్నితమైన సంగతి ఉంది. డీఎండీ చాలావరకు తల్లి వైపు జన్యువు నుంచి వస్తుంది. సుమారు మూడోవంతు కేసుల్లో మాత్రం బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. మేనరికం దీనికి కారణం కాదు. అయినా ఇంట్లో నింద పడేది తల్లి మీదే. అక్కాచెల్లెళ్ళు, పిన్నులు కూడా ఈ జన్యువును మోస్తూ ఉండవచ్చు. బాబు రక్త నమూనా ఫలితం చెల్లెలి పెళ్ళి సంబంధం దాకా వెళ్ళే ప్రమాదం ఉంది. ఫలితం ఎవరికి చెబుతారు, నమూనాను ఎన్నాళ్ళు ఉంచుతారు అన్నది ముందే తేల్చుకోవాలి.

ఇవి అడిగాకే...

ట్రయల్ సీటీఆర్‌ఐలో నమోదైందా? 2009 జూన్ నుంచి ఇది తప్పనిసరి, నంబరు అడిగి ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. కొందరికి మందు, కొందరికి డమ్మీ ఇస్తారా? హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు? మదనపల్లె నుంచో హిందూపురం నుంచో వచ్చిపోయే ఖర్చు ఇస్తారా? ట్రయల్ ముగిశాక, మందు పనిచేస్తుంటే కొనసాగిస్తారా? మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆగదని రాసిస్తారా? ఇక లక్షలు కట్టించుకుని మూలకణాలు ఎక్కిస్తామనేవారి విషయంలో మరీ జాగ్రత్త. కండరాల క్షీణతకు మూలకణాలను అనుమతి పొందిన ట్రయల్‌లో తప్ప చికిత్సగా అమ్మకూడదని 2017 జాతీయ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. డబ్బు అడిగారంటే అది పరిశోధన కాదు, వ్యాపారం.

ఇదంతా చదివి ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని దూరం జరిగితే నష్టం మనకే. మన పిల్లలు లెక్కలో లేకపోతే మన పిల్లలకు సరిపోయే మందు గురించి ఎవరూ ఆలోచించరు. పైగా ఈ రోజు చేరిన బాబుకు ఆ మందు అందుతుందన్న హామీ లేదు, రేపు పుట్టబోయే బిడ్డకు అందవచ్చు. అంత పెద్ద దానం చేస్తున్న కుటుంబానికి ఆస్పత్రి తిరిగి ఇవ్వాల్సింది ఒక్కటే. అమ్మకు వచ్చిన భాషలో, అమ్మకు అర్థమయ్యేదాకా చెప్పడం.