రాతిలో దాగిన వాయువు

బాలలూ! గోలీసోడా కొట్టగానే బుస్సుమని పొంగేదేమిటి? నీటిలో ఒత్తిడితో ఇమిడి ఉన్న బొగ్గుపులుసు వాయువు. ఒత్తిడి తగ్గగానే అది పారిపోతుంది. భూగర్భంలోని షేల్ అనే రాతి సంగతీ దాదాపు ఇంతే.

కోట్ల సంవత్సరాల కిందట నీటి అడుగున పేరుకున్న బురద, పైపొరల బరువుకు గట్టిపడి షేల్ అయింది. అందులో కలిసిన జీవాల అవశేషాలనుండి పుట్టిన వాయువు, రాతిలోని అతి సన్నని రంధ్రాలలోనే చిక్కుకుపోయింది. మన దేశంలో ఇటువంటి వాయువును మొదటిసారిగా 2011 జనవరిలో ఓఎన్‌జీసీ వారు కనుగొన్నారు. పశ్చిమ బెంగాలులో, దుర్గాపూరు దగ్గర, సుమారు 1,700 మీటర్ల లోతున అది దొరికింది.

వాయువు ఉన్నదంటే చాలదు. ఏది ఎన్ని పాళ్ళున్నదో తెలియాలి. మీథేన్ చక్కగా మండుతుంది. ఈథేన్, ప్రొపేన్ కూడా ఉంటే విలువ పెరుగుతుంది. బొగ్గుపులుసు వాయువైతే మండనే మండదు. ఈ లెక్క తప్పితే, మరిన్ని బావులు తవ్వడానికి పెట్టే డబ్బంతా వృథా కావచ్చు.

రాతిని పట్నం తీసుకుపోయి తీరికగా పరీక్షించరాదా అంటారేమో! అక్కడే ఉన్నది చిక్కు. బరమా కోసిన రాతికడ్డీ పైకి వస్తూండగానే వాయువు జారుకోసాగుతుంది. అన్నీ ఒకే వేగంతో పోవు. తేలికైన మీథేన్ ముందు పోతుంది. ఈథేన్, ప్రొపేన్ రాతిని అంటిపెట్టుకొని నెమ్మదిగా బయటపడతాయి. కనుక ఆలస్యంగా కొలిస్తే మీథేన్ ఉన్నదానికంటె తక్కువగా కనిపిస్తుంది.

అందుచేత బావి పక్కనే కొలుస్తారు. కడ్డీని వెంటనే లోహపు డబ్బాలో పెట్టి, గాలి చొరకుండా మూత బిగించి, భూమిలో ఆ లోతున ఉండే వేడిలోనే ఉంచుతారు. వెలువడే వాయువును గడియారం చూసి కొలుస్తారు.

మరి డబ్బాలో పెట్టకముందే పోయిన వాయువో? దానికీ లెక్క ఉన్నది. వాయువు జారడం మొదలైన తరువాత 1 నిమిషానికి 1 పాలు వస్తే, 4 నిమిషాలకు మొత్తం 2 పాళ్ళు, 9 నిమిషాలకు 3 పాళ్ళు వస్తాయి. వర్గమూలాలు నేర్చిన వారికి కిటుకు తెలిసే ఉంటుంది! కొంతసేపటివరకు ఈ వరుస నిలుస్తుంది. దీన్ని వెనక్కు పొడిగించి పోయినదెంతో అంచనా కడతారు.

ఇక వాయువులను వేరుచేసేది క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం. అందులో సన్నని పొడవాటి గొట్టం ఉంటుంది. నలుగురు మిత్రులు జాతరలోకి కలిసి వెళ్ళారనుకోండి. ప్రతి దుకాణం దగ్గరా ఆగేవాడు చివరకు బయటికి వస్తాడు గదా! వాయువులూ అంతే. గొట్టం లోపలి పదార్థాన్ని తక్కువగా అంటుకొనేది ముందు వస్తుంది. ఏది ఎప్పుడు, ఎంత వచ్చిందో యంత్రం గీత గీసి చూపుతుంది.

ఈ పద్ధతితో ఆకులలోని రంగులను విడదీసి చూపినవాడు రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్. అది 1903 నాటి మాట. మీరూ చేసి చూడండి. అద్దుడు కాగితపు ముక్క మీద, అడుగునుండి రెండు వేళ్ళ ఎత్తున, నీటికి కరిగే నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి. చుక్క మునగకుండా కాగితం అంచును మాత్రం నీటికి తగిలించి నిలబెట్టండి. ఆ నలుపులో ఎన్ని రంగులున్నవో, ఏది ముందు పాకిందో రాసిపెట్టుకోండి.