పఠనమునకు ఫలము

చదివిన నవలపై అభిప్రాయము వ్రాయుమనగానే కథాసంగ్రహమును, చివర నొక నీతిని వ్రాసి యిచ్చుట మన విద్యార్థులకు పరిపాటియైనది. అది జ్ఞాపకశక్తికి నిదర్శనమే గాని పఠనమునకు ఫలము కాదు.

ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1865లో వెలువరించిన చంద్రయాత్రా నవలను బాలురు నేటికిని ఆసక్తితో చదువుచున్నారు. అందు ఫ్లోరిడా నేలలో 900 అడుగుల ఫిరంగిని నిర్మించి, ముగ్గురు మనుష్యులను గుండులో నుంచి చంద్రునివైపు పేల్చుదురు. శ్రీహరికోట ప్రాంతమున ఈ కథ చదువు బాలునకు సందేహము కలుగక మానదు. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరిన తీరమది. అచట రాకెట్టు మెల్లగా లేచి క్రమక్రమముగా వేగమందుకొనును. ఫిరంగిలోనో, వేగమంతయు ఒక్క క్షణములో రావలెను. ఆ తాకిడికి లోనివారు బ్రతుకుదురా? ఈ ప్రశ్న వ్రాసిన విద్యార్థి నవలను నిజముగా చదివినవాడు.

అయితే విమర్శ తప్పు పట్టుటతో ముగియరాదు. చంద్రుడు నడినెత్తికి వచ్చు తావు కావలెనని లెక్కించియే వెర్న్ ఫ్లోరిడాను ఎన్నుకొనెను. శ్రీహరికోటకు తూర్పున సముద్రముండుట, భూభ్రమణవేగము తోడ్పడుట అనుకూలములైనవి. కారణములు వేరైనను, తావును లెక్కవేసి యెంచవలెనను వివేకము రెంటను ఒక్కటియే. దీనిని గుర్తించిననాడు బాలుడు రచయిత దోషమును, గుణమును గూడ తూచినవాడగును.

కావున ఉపాధ్యాయులు అభిప్రాయమును చెప్పి వ్రాయింపరాదు. “నీకెచ్చట నమ్మకము కలుగలేదు? ఏల?” అని ముందుగా అడుగవలెను. తడబడుచు వ్రాసినను, సొంత సమాధానమునకే మార్కులీయవలెను.