ఒకే గోదావరి, అరడజను ఫైళ్లు

43, 48, 53. వర్షాకాలంలో తెలుగు టీవీ వార్తలు చూసేవారికి ఈ అంకెలు కంఠతా వచ్చు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది అక్కడ 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినప్పుడు, పోల్చి చూసుకోవడానికి 36 ఏళ్ల కిందటి ఆ అంకె సిద్ధంగా ఉంది. ఏ మట్టానికి ఏ వీధి మునుగుతుందో, ఏ దారి తెగుతుందో చెప్పగలిగేది ఇలాంటి పాత లెక్కలే. వరద వచ్చిన రోజునే కాదు, చినుకు పడని రోజున కూడా ఎవరో ఒకరు నీటిమట్టం చూసి రాసిపెట్టబట్టే అవి ఉన్నాయి.

ప్రభుత్వ విజ్ఞాన పరిశోధనలో పెద్ద భాగం ఇలాగే ఉంటుంది. అందులో కొత్త ఆవిష్కరణ ఉండదు, అవార్డూ రాదు. లాభం లేదు కాబట్టి ప్రైవేటు కంపెనీ ఆ పని తలకెత్తుకోదు. విశ్వవిద్యాలయానికి వచ్చే ప్రాజెక్టు నిధులు కొన్నేళ్లలో అయిపోతాయి. యాభై ఏళ్లు, వందేళ్లు ఒకే కొలతను ఆపకుండా తీయగలిగేది ప్రభుత్వం ఒక్కటే. ఈ విషయంలో భారతదేశానికి మంచి వారసత్వమే ఉంది. భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) 1851లో మొదలైంది. జంతు సర్వేక్షణ సంస్థ 1916లో, కేంద్ర జల సంఘానికి మూలమైన సంస్థ 1945లో ఏర్పడ్డాయి. సముద్ర చేపలపై పరిశోధించే సీఎంఎఫ్ఆర్ఐ, నదులు, జలాశయాల చేపలపై పరిశోధించే సీఐఎఫ్ఆర్ఐ రెండూ 1947లో పుట్టాయి. 1970లో కేంద్ర భూగర్భ జల మండలి, 1982లో భారత వన్యప్రాణి సంస్థ వచ్చాయి.

సంస్థలకు కొరత లేదు. కొరత వేరే చోట ఉంది. ఒక్కో సంస్థ నదిలో ఒక్కో ముక్కను కొలుస్తోంది. ఆ ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి చదివే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు. దానివల్ల ఏం పోతోందో గోదావరి డెల్టాను చూస్తే తెలుస్తుంది.

ముందుగా ఒండ్రు సంగతి. డెల్టా అంటేనే నది మోసుకొచ్చిన మట్టి. ఆ నేల తన బరువుకు తానే ఏటా కాస్త కుదించుకుపోతుంది. వరదతో వచ్చే కొత్త ఒండ్రు ఆ లోటును పూడుస్తుంది. అయితే ఎగువన మహారాష్ట్రలోని జాయక్‌వాడి, తెలంగాణలోని శ్రీరామసాగర్ వంటి జలాశయాలు నీటితోపాటు మట్టినీ పట్టి ఉంచుతాయి. నది దిగువకు మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏటా సగటున 14 కోట్ల టన్నులకు పైగా ఉండేదని, 1990లలో 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన పత్రంలో చూపించారు. 1976 నుంచి 2001 వరకు డెల్టా తీరంలో సుమారు 1,800 హెక్టార్ల నేల సముద్రంలో కలిసిందని కూడా వారే లెక్కగట్టారు. ఒండ్రు లెక్కను ఉపగ్రహ చిత్రాల పక్కన పెట్టి చూడటంతోనే ఈ సంగతి బయటపడింది. ఆ పని చేసింది విశ్వవిద్యాలయం. ఏ ప్రభుత్వ శాఖకూ అది రోజువారీ విధి కాదు.

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడలో ఇళ్లు, గుళ్లు, రోడ్లు కడలి కోతకు గురవుతున్న వార్తలు ఏటా వస్తాయి. అక్కడి కోతకు అలల తీరు, తీరం ఆకృతి కూడా కారణమే. నెపమంతా ఆనకట్టల మీద వేయడం సరికాదు. అందుకే ఏ కారణం వాటా ఎంతో తేల్చే కొలతలు ముఖ్యం. ఆ లెక్క తేలకుండా సముద్రంలో రాళ్లు పోస్తూ పోతే, తుపాను వచ్చినప్పుడల్లా ఆ ఖర్చు అలల పాలవుతుంది.

రెండోది చేప. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, గోదారి నీళ్లలోకి వస్తే పులస. శాస్త్రవేత్తలకు మాత్రం రెండూ టెన్యులోసా ఇలిషానే. వానాకాలపు ఎర్రనీరు పిలిస్తే ఇది ఏటికి ఎదురీది గుడ్లు పెడుతుంది. పిల్లలు కొన్ని నెలలు మంచినీటిలో పెరిగి సముద్రానికి దిగుతాయి. ఈ ప్రయాణానికి 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం పడింది. ఈ ఇబ్బంది ఇప్పుడు కొత్తగా కనిపెట్టింది కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి మత్స్య శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న ఫ్రాన్సిస్ డే, నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు చేపల రాకపోకలను ఆపుతున్నాయని 1873 నాటి నివేదికలోనే ప్రభుత్వానికి చెప్పాడు. చేపల సంగతి చేపల ఫైల్లో, నీటి సంగతి నీటి ఫైల్లో ఉండిపోయాయి. దాదాపు వందేళ్ల తర్వాత, 1975లో గంగపై ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక అదే కథ అక్కడా జరిగింది. ఎగువ ప్రాంతాల్లో ఇలస దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు సీఐఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు బ్యారేజీ పైభాగాన ఇలస చేపలను వదిలి సంతతిని నిలబెట్టే ప్రయత్నం చేస్తున్నారు. మెచ్చుకోదగ్గ పనే. కాకపోతే కట్టకముందు అడగాల్సిన ప్రశ్నకు కట్టిన తర్వాత జవాబు వెతుక్కుంటున్నట్టుంది.

మూడోది అడవి. 235 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యంలోని మడ చెట్లు గోదావరి ఒండ్రు మీదే పెరుగుతాయి. మంచినీరు, ఉప్పునీరు తగిన పాళ్లలో కలిస్తేనే బతుకుతాయి. ఆ చెట్ల వేళ్ల మధ్య చేపలు, రొయ్యల పిల్లలు పెరుగుతాయి. వాటిని తిని బావురు పిల్లులు, నీటి కుక్కలు బతుకుతాయి. పక్కనే ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఈ జంతువుల లెక్క అటవీ శాఖది. వాటి ఆహారం లెక్క మత్స్య శాఖది. కింద ఉన్న నేల లెక్క భూగర్భ శాస్త్రవేత్తలది. ఏ సంవత్సరం బావురు పిల్లులు తగ్గినా, కారణం వేటా, ఉప్పా, చేపల కొరతా అని తేల్చాలంటే మూడు కార్యాలయాల గుమ్మాలు ఎక్కాలి.

నీటి విషయంలోనే ఈ చీలిక ఎంత లోతుగా ఉందో 2016లో మిహిర్ షా కమిటీ చెప్పింది. ఎండాకాలంలో నదిలో పారేది చాలావరకు నేలలోంచి ఊరి వచ్చిన నీరే. బోర్లు ఆ నీటిని తోడేస్తే నది ఎండుతుంది. అయినా నదిని ఒక సంస్థ, భూగర్భ జలాన్ని మరో సంస్థ చూస్తున్నాయి. ఆ రెండింటినీ కలిపి జాతీయ జల కమిషన్ ఏర్పాటు చేయాలని కమిటీ సిఫారసు చేసింది. అది అమలు కాలేదు.

అన్నింటినీ కలిపేస్తే కొత్త పెత్తనం తప్ప ఒరిగేదేమీ లేదని కొందరు నిపుణులు అంటారు. చేపల పొలుసు చదివే మనిషి, రాతి పొరలు చదివే మనిషి వేర్వేరు నైపుణ్యాలున్నవారు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడితే రెండు పనులూ చెడవచ్చు. ఈ వాదనలో బలం ఉంది. కాబట్టి కలపాల్సింది కార్యాలయాలను కాదు, లెక్కలను. ఇందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ప్రజాధనంతో సేకరించిన సమాచారం ప్రజలకు అందాలనే జాతీయ విధానం 2012లోనే వచ్చింది. గంగ, బ్రహ్మపుత్ర, సింధు నదుల ప్రవాహ సమాచారం మీద అంతర్జాతీయ కారణాలతో ఆంక్షలున్నాయి. గోదావరికి అలాంటి అడ్డేమీ లేదు.

లెక్కలను జనం భాషలో అందించడం కూడా అసాధ్యం కాదని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ రుజువు చేసింది. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, నీటిలోని పత్రహరితం వివరాలను ఉపగ్రహాల నుంచి తీసుకుని, చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను ఆ సంస్థ మత్స్యకారులకు తెలుగు సహా స్థానిక భాషల్లో తెలియజేస్తోంది. ఆ సమాచారం కింద భౌతికశాస్త్రం, జీవశాస్త్రం రెండూ కలిసి పనిచేస్తున్నాయి. పడవ నడిపేవారికి కావాల్సింది ఎటు వెళ్లాలి, ఎంత దూరం అనేదే. అదే వారికి చేరుతోంది.

నదికీ ఇలాంటిది కావాలి. ఏడాదికి ఒకసారి గోదావరి ఆరోగ్య నివేదిక తెలుగులో రావాలి. ఈ ఏడాది ఎంత నీరు సముద్రానికి చేరింది, ఎంత ఒండ్రు వచ్చింది, పులస ఎంత దొరికింది, తీరం ఎక్కడ ఎంత జరిగింది, బావుల్లో ఉప్పు ఎంత పెరిగింది, మడ అడవి పెరిగిందా తరిగిందా? ఈ కొలతల్లో చాలావాటిని ఏదో ఒక సంస్థ ఇప్పటికే తీస్తోంది. తీయనివి ఏవో బయటపడటం కూడా ఈ నివేదిక చేసే మేలే. దానితోపాటు, కొలతలు తీసే కేంద్రాల్లో సిబ్బంది ఖాళీలను వెంటవెంటనే నింపాలి. ఒక ఏడాది రాయని లెక్కను ఆ తర్వాత ఎన్ని కోట్లు పోసినా కొనలేరు.

పోలవరం దగ్గర 194 టీఎంసీల జలాశయం సిద్ధమవుతోంది. దాని గురించి జరిగే చర్చంతా ఎత్తు, ఖర్చు, పునరావాసం చుట్టూ తిరుగుతోంది. అవన్నీ అవసరమైనవే. అందులో ఆగిపోయే ఒండ్రు సంగతి, దిగువకు ఏ నెలలో ఎంత నీరు వదిలితే పులస వస్తుందనే సంగతి కూడా అదే బల్ల మీదికి రావాలి. జలాశయం నిండకముందు తీసిన కొలతలు లేకపోతే, నిండిన తర్వాత ఏం మారిందో ఎవరూ చెప్పలేరు. ఆ కొలతలకు మిగిలిన వ్యవధి కొద్దిగానే ఉంది.

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. ఘాట్లకు, రోడ్లకు, దీపాలకు నిధులు కేటాయిస్తారు. అందులో కాస్త తీసి, నది మొదటి ఆరోగ్య నివేదికను పుష్కరాల నాటికి ప్రజల చేతిలో పెడితే, స్నానానికి దిగేవారికి తాము మునుగుతున్న నీటి సంగతి కూడా తెలుస్తుంది.